శంకుస్థాపనకు ముందు జరగవలసిన పని

ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ, తెలంగాణ నీటిపారుదల శాఖల ఇంజనీర్-ఇన్-చీఫ్‌లకు, ఆ శాఖల్లో పనిచేసే ఇంజనీర్లందరికీ బహిరంగ లేఖ

ఏ పని తరువాత ఏ పని జరగాలి, దాన్ని ఎవరు చేయాలి, ఎప్పటిలోగా, ఎంత ఖర్చుతో, ఎవరి అనుమతితో చేయాలి అన్నవి పని మొదలుకాక ముందే తేల్చి కాగితం మీద పెట్టడమే ప్రాజెక్టు ప్రణాళిక. ఇది అన్ని కార్యాలయాలకూ అవసరమైనదే. సాగునీటి శాఖలకు మరీ అవసరం. ఎందుకంటే ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా, అసలు గడువు నది పెడుతుంది. గోదావరికి జులై నుంచి సెప్టెంబరు దాకా, ఒక్కో ఏడు అక్టోబరులో కూడా వరద ఉంటుంది. కృష్ణకు వరద కాస్త ఆలస్యంగా వచ్చి ఆలస్యంగా తీస్తుంది. నదీగర్భంలో దిగి పనిచేయడానికి మిగిలేది నవంబరు, డిసెంబరు నెలల నుంచి జూన్ వరకే. ఈ ఆరేడు నెలల పనికాలంలో ఒక్క నెల జారిపోయినా, దానితో చాలాసార్లు ఏడాది మొత్తం పోతుంది. సిమెంటు మే నెలలో రావలసింది జూన్ ఆఖరుకు వస్తే, అది వాడేది మళ్ళీ వచ్చే శీతాకాలంలోనే.

డెల్టా కాలువల మరమ్మతుల్లో ఈ సంగతి ఏటా కనిపిస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో కాలువలు కట్టేసే కాలం వేసవిలో సుమారు రెండు నెలలు. తూములు మార్చడం, గట్లు బలపరచడం, లాకుల మరమ్మతు, పూడికతీత అన్నీ ఆ కొద్ది రోజుల్లోనే ముగియాలి. అందుకు అంచనాలు శీతాకాలానికే సిద్ధమై, టెండర్లు ముగిసి, కాలువ కట్టేసిన రోజునే కాంట్రాక్టరు గట్టు మీద ఉండాలి. అంచనా ఫిబ్రవరిలో కదిలి, ఆమోదం ఏప్రిల్‌లో వచ్చి, ఒప్పందం మేలో కుదిరితే, పని మొదలయ్యేసరికి నారుమళ్ళకు నీళ్ళు వదలమని రైతులు అడుగుతుంటారు. అప్పుడు జరిగేది రెండే: పని ఆగిపోతుంది, లేదా నీళ్ళు వచ్చేలోగా తూతూమంత్రంగా ముగుస్తుంది. రెండింటి నష్టమూ శివారు ఆయకట్టు రైతుదే. ఇందులో ఇంజనీర్ల సామర్థ్యానికి లోటేమీ లేదు. కాలువ ఏ వారంలో కట్టేస్తారో ముందే తెలిసి ఉన్నా, ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కవేసి ఫైలు ఏ రోజున కదలాలో నిర్ణయించకపోవడమే అసలు లోపం.

వెనక్కి లెక్కవేయడం ఈ నేలకు కొత్త విద్య కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852 నాటికి పూర్తయింది. ఆర్థర్ కాటన్ ఆ చోటును ఎంచుకున్న తీరులోనే సగం ప్రణాళిక ఉంది. అక్కడ గోదావరి లంకల మధ్య నాలుగు పాయలుగా చీలుతుంది కనుక నదినంతా ఒకేసారి అడ్డుకోనక్కర లేకుండా, పాయ తరువాత పాయ కట్టుకుంటూ పోవచ్చు. రాయి కోసం దూరం పోనక్కర లేదు, ధవళేశ్వరం కొండ పక్కనే ఉంది. నది సన్నబడే నెలల్లో పని, వరద నెలల్లో రాయి, సరంజామా సిద్ధం చేసుకోవడం. మధ్యలో కాటన్ జబ్బుపడి సెలవు మీద దేశం దాటవలసి వచ్చింది. అయినా కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో పని సాగింది. ప్రణాళిక ఒక్కరి బుర్రలోనే ఉండిపోతే ఆ మనిషి బదిలీ అయిన రోజున అదీ ఆగిపోతుంది. మూడేళ్ళకోసారి బదిలీలు జరిగే శాఖలు ఈ ఒక్క సంగతి కోసమైనా ఆ ఆనకట్ట చరిత్రను చదవాలి.

ఇటీవలి ప్రాజెక్టుల్లో పోలవరం కంటే విలువైన పాఠం మరొకటి లేదు. అక్కడి స్పిల్‌వే నది పాత దారిలో లేదు, కుడివైపు గట్టును తవ్వి కట్టారు. 48 గేట్లు, 50 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకునే రూపకల్పన. నది సహజంగా పారే చోట మట్టి, రాళ్ళతో ప్రధాన డ్యామ్ రావాలి. దాని అడుగున ఇసుక పొరల గుండా నీరు ఊరిపోకుండా, కింద గట్టి రాయి తగిలేదాకా కాంక్రీటు గోడ దించాలి. ఆ భూగర్భ గోడనే డయాఫ్రం వాల్ అంటారు. ఈ పనులకు ఒక వరస ఉంది. స్పిల్‌వే నీరు తీసుకోవడానికి సిద్ధం కావాలి, ఎగువన, దిగువన తాత్కాలికంగా కట్టే కాఫర్ డ్యామ్‌లు నదిని పూర్తిగా అడ్డుకోవాలి, నది స్పిల్‌వే గుండా మళ్ళాలి. అప్పుడు రెండు కాఫర్ డ్యామ్‌ల మధ్య ప్రధాన డ్యామ్ పని వరద భయం లేకుండా సాగుతుంది.

జరిగింది మరోలా ఉంది. డయాఫ్రం వాల్ 2018 మధ్యకు పూర్తయింది. దానికి కాపు కాయవలసిన కాఫర్ డ్యామ్‌లు వెనకబడ్డాయి. 2019 వరద నాటికి ఎగువ కాఫర్ డ్యామ్‌కు రెండు పక్కలా ఖాళీలు మిగిలే ఉన్నాయి. కిలోమీటరుకు పైగా వెడల్పున పారే నది ఆ ఇరుకు సందుల్లోంచి దూరినప్పుడు వేగం పెరిగింది, నదీగర్భం కోసుకుపోయింది, లోతైన గోతులు పడ్డాయి. 2020లో ఇంకా పెద్ద వరద వచ్చింది. నదిని స్పిల్‌వే వైపు మళ్ళించగలిగింది 2021 జూన్‌లో. ఆ తరువాతి పరీక్షల్లో డయాఫ్రం వాల్ కొన్నిచోట్ల దెబ్బతిన్నట్టు తేలింది. మరమ్మతు చేయాలా, కొత్తది కట్టాలా అన్న చర్చకే ఏళ్ళు పట్టింది. చివరికి పాతదానికి సమాంతరంగా కొత్త గోడ పని 2025 జనవరిలో మొదలైంది. 2018లో ముగిసిన పని ఏడేళ్ళకు మళ్ళీ మొదటికి వచ్చింది.

ఇది ఎవరి హయాంలో జరిగిన తప్పు అన్న వాదన శాసనసభలోనూ పత్రికల్లోనూ చాలాకాలంగా సాగుతోంది. ఇంజనీర్లు తేల్చుకోవలసిన ప్రశ్న వేరు. కాఫర్ డ్యామ్‌ను ఎందుకు మూయలేకపోయారు? మూస్తే వెనక నీరు పెరిగి ఎగువ గ్రామాలు మునుగుతాయి, ఆ గ్రామాల వారికి ఇళ్ళు సిద్ధం కాలేదు. అంటే కాంక్రీటు పనికి ఒక ప్రణాళిక, పునరావాసానికి ఇంకో ప్రణాళిక ఉన్నాయి. రెండూ వేర్వేరు కార్యాలయాల్లో, వేర్వేరు వేగాలతో నడిచాయి. వాటిని కలిపి చూసే ఒకే పట్టిక ఉండి ఉంటే, ఎగువ గ్రామాల కాలనీలు ఫలానా నెలకు పూర్తికాకపోతే కాఫర్ డ్యామ్ మూతపడదనీ, అది మూతపడకుండా గోడ ముందు కట్టడం ప్రమాదమనీ 2017లోనే తెలిసేది. పోలవరంలో లక్షకు పైగా కుటుంబాలు ఇళ్ళు వదలవలసి ఉంది. వారిలో చాలామంది గిరిజనులు, ఏజెన్సీ గ్రామాలవారు. వారి విషయం న్యాయం కోసమే ముందు తేల్చవలసింది. పని సక్రమంగా నడవడానికి కూడా అదే ముందు తేలాలని పోలవరం రుజువు చేసింది.

ప్రాజెక్టుల శాస్త్రంలో దీనికి స్థిరపడిన పద్ధతి ఒకటుంది. పనులన్నీ రాసి, ఏది ముగిస్తేగాని ఏది మొదలుకాదో గీతలతో కలిపితే, మొదటి పని నుంచి చివరి పని దాకా అనేక దారులు ఏర్పడతాయి. వాటిలో అన్నింటికంటే ఎక్కువ కాలం పట్టే దారిని కీలక మార్గం అంటారు. దాని మీదున్న ఏ పని ఒక్క రోజు ఆలస్యమైనా ప్రాజెక్టు మొత్తం ఒక రోజు వెనకబడుతుంది. మిగతా దారుల్లో కొంత వెసులుబాటు ఉంటుంది. 1957 ప్రాంతంలో అమెరికాలో డ్యూపాంట్ రసాయన సంస్థ ఈ పద్ధతిని రూపొందించింది. 1958లో అదే దేశపు నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం పెర్ట్ అనే దగ్గరి పద్ధతిని తెచ్చింది. ఇంజనీరింగ్ కళాశాలల్లో రెండూ పాఠాలే, శాఖలో చేరిన ప్రతి ఏఈఈ పరీక్షల కోసం చదివినవే. ఒప్పందానికి జతచేసే బార్ చార్టులో మాత్రం సాధారణంగా మట్టి పని, కాంక్రీటు, గేట్లే ఉంటాయి. భూసేకరణ, అటవీ అనుమతి, రైల్వే అనుమతి, కరెంటు స్తంభాల తరలింపు, పునరావాస కాలనీలు వేరే శాఖల పనులని వదిలేస్తారు. తెలుగు రాష్ట్రాల ప్రాజెక్టుల్లో కీలక మార్గం చాలామటుకు ఆ వదిలేసిన గళ్ళలోంచే పోతుంది. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండలో రెండో సొరంగం 2024 జనవరికి పూర్తయినా, నల్లమల సాగర్ ముంపు గ్రామాల పునరావాసం, ఫీడర్ కాలువ పనులు మిగిలి ఉండడంతో నీళ్ళు పొలాలకు చేరలేదు.

పని చేయబోయే నేల గురించి ముందు తెలుసుకోవడం ప్రణాళికలో రెండో భాగం. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పొడవు సుమారు 44 కిలోమీటర్లు. పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అందువల్ల మధ్యలో ఎక్కడా పక్క దారులు తవ్వే వీలు లేదు, రెండు కొసల నుంచే తవ్వాలి. పైనుంచి బోర్లు వేసి రాతిని పరీక్షించడానికీ పరిమితులే. ఇలాంటి చోట సొరంగం తవ్వే యంత్రం ఎంతవరకు నమ్మదగింది, ముందున్న రాయి నలిగిపోయినదైతే, ఊట నీరు పడితే ఏం చేయాలి, వెనక్కి రావడానికి దారి ఏది అన్న ప్రశ్నలకు 2005లో ఒప్పందానికి ముందే జవాబులు కావాలి. రెండు దశాబ్దాలు గడిచినా సొరంగంలో ఇంకా సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్లు మిగిలే ఉంది. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు, వారిలో ఎవరూ బతకలేదు. ఆ ఏడాది నవంబరులో హెలికాప్టర్‌కు పరికరాలు కట్టి, భూమి లోపలి పొరలను విద్యుదయస్కాంత పద్ధతిలో చూసే సర్వే మొదలైంది. సర్వే జరగడం మంచిదే. అయితే అది పని అప్పగించే ముందు జరగవలసిన పని. 2005లో ఈ పరికరం అందుబాటులో లేదనుకున్నా, తెలియని నేల మీద ఎంత ధైర్యం చేయవచ్చో రాసిపెట్టే అధ్యాయం ఒకటి ప్రాజెక్టు నివేదికలో ఉండి తీరాలి.

మేడిగడ్డ సంగతి క్లుప్తంగా చెబితే చాలు. 2019 జూన్‌లో ప్రారంభమైన బరాజ్‌లో ఏడో బ్లాకు 2023 అక్టోబరు 21న కుంగింది. ప్రణాళిక, రూపకల్పన, నాణ్యత నియంత్రణ, నిర్వహణ అన్న నాలుగింటిలోనూ లోపాలున్నట్టు జాతీయ డ్యామ్ భద్రతా ప్రాధికార సంస్థ పేర్కొంది. ఈ నాలుగు మాటల్లో మొదటిది ప్రణాళిక కావడం గమనించాలి. కట్టడం ఎంత వేగంగా ముగిసిందన్నది గొప్పగా చెప్పుకున్న చోటే, కట్టాక ఏటా వరద తీశాక ఏం పరీక్షించాలి, ఎవరు పరీక్షించాలి అన్నది ఎవరి లెక్కలోకీ రాలేదు.

ప్రగతిని కొలిచే తీరు కూడా ప్రణాళికలో భాగమే. సమీక్షా సమావేశాల్లో చదివేది ఎక్కువగా ఖర్చు శాతం. 40 కిలోమీటర్ల కాలువలో 38 కిలోమీటర్లు తవ్వారనీ, 12వ కిలోమీటరు దగ్గర రైల్వే లైను కింది తూము మాత్రం కట్టలేదనీ అనుకుందాం. కాగితం మీద ప్రగతి తొంభై శాతం దాటుతుంది. నీళ్ళు మాత్రం 12వ కిలోమీటరు దాటవు. జలయజ్ఞం పనుల్లో ఇలాంటి తెగిన కాలువలు చాలా జిల్లాల్లో మిగిలాయి. మట్టి పని త్వరగా సాగుతుంది, బిల్లులు త్వరగా వస్తాయి. వంతెనలు, తూములు, అక్విడక్టులు నెమ్మదిగా సాగుతాయి, ఇతర శాఖల సంతకాలు కావాలి. కనుక కాంట్రాక్టరు సహజంగానే ముందు మట్టి తవ్వుతాడు. పదేళ్ళ తరువాత ఆ తవ్విన కాలువలో తుమ్మలు మొలిచి, గట్లు జారి, అదే మట్టిని మళ్ళీ తీయవలసి వస్తుంది. కాగ్ 2012లో జలయజ్ఞం మీద ఇచ్చిన నివేదిక కూడా భూసేకరణ, అనుమతులు తేలకముందే పనులు అప్పగించడాన్ని ఎత్తిచూపింది. ఖర్చు శాతానికి బదులు ఈ పనికాలంలో నీరు ఏ కిలోమీటరు దాకా చేరుతుంది, ఎన్ని ఎకరాల పిల్లకాలువలకు అందుతుంది అన్న కొలత పెడితే వంతెనలు, తూములు వాటంతటవే ముందుకొస్తాయి. చెల్లింపు షెడ్యూలు కూడా దాన్ని బట్టే మారాలి.

అంచనాల సంగతి మరింత లోతైనది. పోలవరం ఖర్చు 2005-06 ధరల్లో పది వేల కోట్ల పైచిలుకు. 2017-18 ధరల్లో 55 వేల కోట్లు దాటింది. అందులో 33 వేల కోట్లకు పైగా భూసేకరణ, పునరావాసానిదే. 2013 భూసేకరణ చట్టం వల్ల పరిహారం పెరిగింది నిజమే. ఆ చట్టం న్యాయమైనదే. కానీ మొదటి అంచనాలో మనుషుల లెక్క ఎంత తక్కువగా ఉందో కూడా ఈ అంకెలు చెబుతాయి. ఇది తెలుగు రాష్ట్రాల్లోనే ఉన్న బలహీనత కాదు. సిడ్నీ ఒపేరా హౌస్‌ను 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లతో కట్టవచ్చనుకుంటే 1973లో పూర్తయ్యేసరికి 10 కోట్ల 20 లక్షలైంది. తమ పనికి పట్టే కాలాన్ని మనుషులు ఎప్పుడూ తక్కువగానే ఊహిస్తారని డేనియల్ కానమన్, ఏమాస్ ట్వెర్‌స్కీ 1979లోనే వివరించారు. డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లూబ్యా ప్రపంచవ్యాప్తంగా 16 వేలకు పైగా ప్రాజెక్టుల వివరాలు సేకరించి చూస్తే, అనుకున్న ఖర్చుకూ కాలానికీ ముగిసినవి నూటికి తొమ్మిది కూడా లేవు. ఆయన సూచించే మందు చాలా సాదాగా ఉంటుంది. కొత్త ప్రాజెక్టు అంచనా వేసేటప్పుడు దాని లోపలి లెక్కలనే కూడుతూ కూర్చోకుండా, అలాంటివే ఇంతకుముందు కట్టినవాటికి నిజంగా ఎంత పట్టిందో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఈ రెండు శాఖల రికార్డుల్లో అరవై, డెబ్భై ఏళ్ళ ప్రాజెక్టుల లెక్కలున్నాయి. వాటిని ఒక్కచోట చేర్చి వాడుకోవడమే తరువాయి.

బాగా జరిగినదీ ఒకటుంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. ముంపులో పోయే నాగార్జునకొండ లోయలో తవ్వకాలు అంతకు ముందే, 1954లో మొదలయ్యాయి. పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో ప్రత్యేక బృందాన్ని పెట్టింది. నీరు లోయలోకి వచ్చేలోగా ఏది తవ్వాలి, ఏది కొలిచి రాసుకోవాలి, ఏది విప్పి తరలించాలి అని నిర్ణయించుకుని 1960 దాకా పనిచేసింది. ఇక్ష్వాకుల నాటి ముఖ్యమైన కట్టడాలు కొండపైకీ, అనుపుకూ చేరాయి. డ్యామ్ గడువును తవ్వకం పనిలో ముందే లెక్కలోకి తీసుకోవడం వల్లనే ఇది సాధ్యమైంది. లోయలోని ఊళ్ళను ఖాళీ చేయించినప్పుడు అక్కడి కుటుంబాలకు అంత శ్రద్ధ దక్కిందని చెప్పలేం. రాళ్ళకు దొరికిన ప్రణాళిక మనుషులకూ దొరకవలసింది.

పై విషయాలన్నింటి నుంచి ఈ లేఖ ఇంజనీర్-ఇన్-చీఫ్‌ల ముందు పెడుతున్న అభ్యర్థనలు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పరిపాలనా అనుమతికి వెళ్ళే ప్రతి ఫైలులోనూ పనికాలాల వారీగా వరస పట్టిక ఒకటి ఉండాలి. అందులో భూసేకరణ, పునరావాసం, అటవీ, రైల్వే, విద్యుత్ పనులు ఇంజనీరింగ్ పనులతో సమానంగా గళ్ళు పొందాలి. ప్రతి గడికీ ఒక బాధ్యుడి హోదా రాయాలి, పేరు కాదు, ఎందుకంటే పేర్లు బదిలీ అవుతాయి. వరద వచ్చేలోగా ఏ దశకు చేరకపోతే ఏ పని మొదలుపెట్టకూడదో కూడా అందులోనే ఉండాలి. ఎక్కడ ఆగాలో ముందే రాసుకున్న ఇంజనీరుకు, తరువాత ఎవరైనా తొందరపెట్టినప్పుడు ఆ కాగితమే అండ. ఏటా అక్టోబరులో, వరద తీసే వేళకు, ఆ పట్టికను తిరగరాసి మండలాల్లోని నీటి వినియోగదారుల సంఘాలకు తెలుగులో పంపాలి. సర్వే, మట్టి పరీక్షలు, రూపకల్పన ముగియకుండా టెండరు పిలవకూడదు. ఆ దశకు పట్టే ఏడాదో రెండేళ్ళో జాప్యం కింద లెక్కించకూడదు. దానికి తగిన నిధులు వేరుగా ఇవ్వాలి, పరిశోధన విభాగాల్లో ఖాళీలు నింపాలి.

చివరిది, ముగిసిన పనుల లెక్క. ఒక బరాజ్, ఒక ఎత్తిపోతల పథకం, ఒక కాలువ ఆధునికీకరణ పూర్తయ్యాక, మొదట అనుకున్న కాలం, ఖర్చు, ఆయకట్టు ఎంత, చివరికి తేలినవి ఎంత, తేడా ఎక్కడ వచ్చింది, ఏ అనుమతికి ఎన్ని నెలలు పట్టింది అన్నది పది పేజీలకు మించకుండా రాసి, రెండు రాష్ట్రాల శాఖలూ పంచుకోవాలి. గోదావరి, కృష్ణా నీటి వాటాల మీద రెండు ప్రభుత్వాల మధ్య తగాదాలున్నా, ఈ కాగితాల విషయంలో తగాదాకు తావు లేదు. వాటిని రాసే బాధ్యత పని ముగించిన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకే ఇచ్చి, తుది బిల్లు చెల్లించే ముందు ఆ నివేదిక దాఖలు కావాలని ఒక మెమో ఇస్తే సరిపోతుంది.